ఒక కిటికీకి రెండు నీడలు

ఆ బుధవారం భోజనానికి లేచేసరికి మరదలు మేడం ఒకే మీటింగుకి రెండుసార్లు హాజరై ఉంది.

ఎజెండా ఒకటే. కాగితాలు అవే. ప్రశ్నలు అవే, జవాబులు కూడా ఇంచుమించు అవే. మారిందల్లా బల్లకి అటుపక్క కూర్చున్న మనిషి. తొమ్మిదింటికి పెద్ద బావ ఆఫీసులో, పదకొండింటికి చిన్న బావ ఆఫీసులో. రెండు ఆఫీసులూ ఒకే వీధిలో, ఒకరి గదిలో లైటు ఆరిందో లేదో ఇంకొకరికి కనిపించేంత దూరంలో ఉన్నాయి. అయినా చిన్న బావ మెట్లు పెద్ద బావ ఎక్కడు, పెద్ద బావ గడప చిన్న బావ తొక్కడు. పోనీ బయట ఎక్కడైనా కాఫీ తాగుతూ మాట్లాడుకోండి అని ఆమె ఒకసారి ఇద్దరినీ ఒప్పించింది కానీ, ఎవరు ముందొచ్చి కూర్చోవాలన్న దగ్గర అది ఆగిపోయింది. ముందొచ్చినవాడు ఎదురుచూసినవాడవుతాడట.

వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. పెద్దక్క ఒక ఆర్కిటెక్టుని చేసుకుంది. చిన్నక్క ఇంకో ఆర్కిటెక్టుని చేసుకుంది. ఆ రెండు సంసారాలూ కళ్ళారా చూసి కూడా బుద్ధి రాక మూడో ఆమె తనే ఆర్కిటెక్చర్ చదివింది. ఆలస్యంగా వచ్చిన ఆ కాస్త బుద్ధినీ పెళ్ళి దగ్గర వాడుకుని పళ్ళ డాక్టరుని చేసుకుంది. చదువయ్యాక పెద్ద బావ దగ్గర ఆరేళ్ళు, చిన్న బావ దగ్గర ఐదేళ్ళు పనిచేసింది. రెండు చోట్లా మానేసిన కారణం ఒకటే: అక్కడ ఉన్నంతకాలం ఆమెని అవతలివాళ్ళ గూఢచారి అన్నారు. ఇప్పుడు నలభై ఏడేళ్ళు. సొంతంగా చిన్న చిన్న పనులు చేసుకుంటోంది. రెండు ఆఫీసుల్లోనూ ఎదురుగా మేడం అంటారు, వెనకాల మరదలు మేడం అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా జీతంలో భాగమే అనుకుంటుంది.

తోడల్లుళ్ళిద్దరికీ వైరం ఒక మెట్ల దగ్గర మొదలైంది. కుర్రతనంలో ఇద్దరూ ఒకే సంస్థలో ఉన్నప్పుడు ఒక అపార్టుమెంటుకి మెట్లు గీశారు. ఎవరు గీశారన్నది ఇరవై ఆరేళ్ళుగా తేలలేదు. మరదలు మేడం ఆ మెట్లు ఎక్కి చూసింది. దేవుడా, వీటికోసమా అనుకుంది. మూడో మలుపు దగ్గర తల తగులుతుంది కూడా. ఆ తలకాయ దెబ్బ మాత్రం నాది కాదని ఇద్దరూ అంటారు.

అలాంటి ఇద్దరినీ కలిపింది లైబ్రరీ. ఊళ్ళో లైబ్రరీ అంటే టైర్ల షాపు మీద అద్దెకి తీసుకున్న రెండు గదులు. వేసవిలో రేకుల కప్పు కిందకి వేడి దిగి, పుస్తకాల అట్టల జిగురు వేళ్ళకి అంటుకునేది. పదకొండు దాటితే పాఠకులు ఒక్కొక్కరే జారుకునేవారు. పరీక్షలకి చదివే పిల్లలు మాత్రం ఇంట్లో చోటులేక తడిగుడ్డ మెడకి చుట్టుకుని అక్కడే కూర్చునేవారు. కొత్త భవనానికి స్థలం దొరికాక మరదలు మేడం రెండేళ్ళు లైబ్రరీ కమిటీ చుట్టూ తిరిగింది. పగటిపూట ఒక్క లైటు వెయ్యక్కర్లేని, ఏసీ లేకుండా చల్లగా ఉండే చదువుకునే హాలు కట్టవచ్చని చెప్పింది. వాళ్ళు నమ్మడానికి ఒక ఏడాది, ఒప్పుకోడానికి ఇంకో ఏడాది పట్టింది. పోటీ పెట్టారు. ఇద్దరు బావల డిజైన్లకీ సమానంగా ఓట్లొచ్చాయి. ఒకదాంట్లో గోడలు అద్భుతం: మందపాటి మట్టి ఇటుకలు, లోపలికి వేడి రానివ్వవు. ఇంకోదాంట్లో పైకప్పు అద్భుతం: గాలి కింద నుంచి వచ్చి పైనుంచి పోతుంది. కమిటీ అధ్యక్షురాలు, రిటైరైన లెక్కల టీచరు, రెండూ చూసి, "దీని గోడలు, దాని పైకప్పు. ఇద్దరూ కలిసి కట్టండి. ఇందులో కష్టమేముంది?" అంది.

కష్టమేముందో అప్పట్నుంచి మరదలు మేడం రోజూ చూస్తోంది, ఎందుకంటే ఇద్దరి మధ్య సమన్వయకర్తగా ఆమెనే వేశారు. ఇద్దరూ అభ్యంతరం చెప్పని మనిషి ఊరు మొత్తంలో ఆమె ఒక్కతే అని తేలింది. నిజానికి ఇద్దరూ చెప్పారు, కానీ ఒకరు చెప్పారని తెలిసి ఇంకొకరు వెనక్కి తీసుకున్నారు.

పని పంచుకున్నారు. గోడలు, నేల పెద్ద బావవి. పైకప్పు, గాలి చిన్న బావవి. జనం నోట్లో వాళ్ళ ఆఫీసులు గోడ ఆఫీసు, పైకప్పు ఆఫీసు అయ్యాయి. ఒకరి డ్రాయింగులో ఇంకొకరి భాగం చుక్కల గీతతో ఉంటుంది, లోపల ఖాళీ. మొత్తం భవనం ఒకే కాగితం మీద కావాలని ఆమె అడగని వారం లేదు. సైటుకి వెళ్ళే రోజులు కూడా పంచుకున్నారు: సోమ, గురువారాలు పెద్ద బావ, మంగళ, శుక్రవారాలు చిన్న బావ. బుధవారం ఆమెది.

ముందుగా ఒక నమూనా గది కట్టి చూపించమని కమిటీ అడిగింది. అసలు హాలులో ఒక ముక్క, అంతే కొలతలతో, పడమటి కిటికీతో సహా. ఆ వారం శుక్రవారం అధ్యక్షురాలు వచ్చి, లైటు లేకుండా అందులో కూర్చుని చదువుతుంది. నచ్చితే పని మొదలు. నచ్చకపోతే కమిటీ కోశాధికారి సంచీలో ఇంకో డిజైను సిద్ధంగా ఉంది. నాలుగు వైపులా గాజు, తెరవని కిటికీలు, మిద్దె మీద ఏసీ యంత్రాలు. "రెడీమేడ్ అండీ, గొడవుండదు" అని ఆయన ప్రతి సమావేశంలోనూ సంచీ తడిమి చూపిస్తాడు.

బుధవారం భోజనం చేసి మరదలు మేడం సైటుకి వెళ్ళింది. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టి, గోడకి చెయ్యి ఆనించి ఆగిపోయింది. బయట మధ్యాహ్నం ఒంటిగంట ఎండ మండిపోతోంది. లోపల చల్లగా ఉంది, గాలి ఆడుతోంది, సరే. కానీ చేతిలో ఉన్న కాగితం మీద అక్షరాలు కనిపించడం లేదు.

లైట్ మీటరు తీసి బల్ల మీద పెట్టింది. చదువుకోడానికి మూడొందల లక్సుల వెలుతురు ఉండాలి. డెబ్భై రెండు చూపించింది. బ్యాటరీ అయిపోయిందేమోనని బయటికి తీసుకెళ్ళి చూసింది. బ్యాటరీ నిక్షేపంలా ఉంది.

తర్వాత కిటికీ వైపు చూసింది. కిటికీకి అడ్డంగా, గోడలోంచి పొడుచుకొచ్చిన కాల్చిన మట్టి పలకలు వరసగా ఉన్నాయి. వాటికి జానెడు అవతల, చూరు నుంచి వేలాడుతూ వెదురు చీలికల తెర ఒకటి ఉంది. ఆ రెండూ ఏ డ్రాయింగులోనూ లేవు.

"మేస్త్రీ గారూ!"

మేస్త్రీ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "చెప్పండమ్మా."

"ఏంటివి?"

"నీడకమ్మా."

"నీడకని నాకూ తెలుస్తోంది. ఎవరు పెట్టమన్నారు?"

"పలకలు పెద్ద సారు, పోయిన గురువారం. తెర చిన్న సారు, ఆ మర్నాడే. ఎండ గట్టిగా కొడుతుంది, అవతలాయన చూసుకోలేదు, మనం జాగ్రత్తపడాలి అన్నారు."

"ఎవరన్నారు ఆ మాట?"

"ఇద్దరూ అన్నారమ్మా."

"ఒకటి ఉండగా రెండోది ఎందుకని అడగలేదా? చిన్న సారుకి ఈ పలకలు కనిపించలేదా?"

"కనిపించాయి. ఇవేంటన్నారు. గోడ తాలూకు అన్నాను. అయితే నాకనవసరం అన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఇద్దరూ గదిలోకి రాలేదు." మేస్త్రీ తలగుడ్డ సర్దుకున్నాడు. "నిన్నటి సారు మాట ఇవాళటి సారుకి చెబితే కోపం. ఇవాళటి సారు మాట రేపటి సారుకి చెబితే కోపం. మా ఇంట్లో ఇద్దరు కోడళ్ళమ్మా. ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తకూడదని నాకు అక్కడే తెలిసొచ్చింది."

ఆమె ఇటుకల దొంతి మీద కూర్చుని తన దగ్గరున్న రెండు డ్రాయింగులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుతురుకి పట్టి, మళ్ళీ లెక్కేసింది. పెద్ద బావ గోడ మందం వల్ల కిటికీ లోతుగా పడుతుంది. చిన్న బావ చూరు చాలినంత ముందుకి వస్తుంది. ఆ రెండూ కలిస్తే కావలసినంత నీడ, కావలసినంత వెలుతురు. ఇంకేమీ అక్కర్లేదు. అవతలివాడు తప్పు చేసి ఉంటాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఒకరి తప్పు ఒకరు గుట్టుగా దిద్దారు. తప్పు మాత్రం ఎవరూ చేయలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి చిన్నక్కకి ఫోను చేసింది, బావ ఏ మూడ్‌లో ఉన్నాడో కనుక్కుందామని. ఊరికే కదిపితే చాలు, చిన్నక్క అంతా చెప్పేస్తుంది.

"వెదురు తెర గురించా? వారం నుంచీ అదే పాట. అన్నయ్యగారి కిటికీని నేను కాపాడాను అంటూ మురిసిపోతున్నారు."

"నీకు ముందే తెలుసా?"

"తెలీకపోవడమేంటే? అక్కతో చెప్పాను కూడా. వాళ్ళాయన మట్టి పలకలు పెట్టించారట, అక్క చెప్పింది. ఫొటోలు పంపుకున్నాం. రెండు రంగులూ భలే కలిశాయి."

మరదలు మేడం ఫోను చెవి నుంచి తీసి ఒకసారి దానివైపు చూసి మళ్ళీ పెట్టుకుంది. "మీ ఇద్దరికీ తెలుసు. రెండూ పెట్టారని తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదు?"

"బాగుంది! వాళ్ళ ఆఫీసు గొడవల్లో మనం వేలు పెట్టకూడదని పెళ్ళయిన కొత్తలోనే అక్కా నేనూ ఒట్టేసుకున్నాం. అందుకే ఇన్నేళ్ళూ మా మధ్య మాట తేడా రాలేదు. అయినా ఉద్యోగం చేస్తున్నది నువ్వు, మేమా?"

పళ్ళ డాక్టరు సోఫాలో పేపరు చదువుతూ అంతా విన్నాడు. "రెండు పళ్ళ మధ్య ఇరుక్కున్నదాన్ని తీయడం నా వృత్తి. ఇరుక్కోవడం నీ వృత్తి" అన్నాడు.

"ఆ పేపరు కింద పెట్టకపోతే ఒక పన్ను నేనూ పీకుతాను" అంది ఆమె.

గురువారం పొద్దున్నే ఇద్దరికీ ఫోన్లు చేసింది. పెద్ద బావకి, "ఇవాళ మీ రోజే కదా, పదకొండుకి రండి" అని చెప్పింది. అది నిజం. చిన్న బావకి, "పదకొండుకి రండి, గదిలో ఎవరూ కనిపించరు" అని చెప్పింది. లైట్ మీటరు ప్రకారం అదీ నిజమే.

పెద్ద బావ ముందొచ్చాడు. ఎండలోంచి లోపలికి రాగానే కళ్ళు చీకట్లు కమ్మి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలకి గుమ్మంలో ఇంకో ఆకారం నిలిచింది.

"ఎవరది?" అన్నాడు పెద్ద బావ.

"నేను ఆర్కిటెక్టుని. మీరెవరు?"

"నేనూ ఆర్కిటెక్టునే."

గొంతులు గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు కదిలారు. తలుపుకి అడ్డంగా మరదలు మేడం నిలబడి ఉంది.

"ఇదేం పనమ్మా?" అన్నాడు పెద్ద బావ.

"ఇరవై ఆరేళ్ళు మీరు మెట్ల దగ్గర ఆగిపోయారు. ఇవాళ కిటికీ దాకా రండి బావా, చాలు." ఆమె మీటరు చూపించింది. "డెబ్భై రెండు. రేపు ఆవిడొచ్చి ఇక్కడ చదవాలి. మీరు చదవండి చూద్దాం." ఒక పుస్తకం తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది.

పెద్ద బావ పుస్తకం ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "కళ్ళజోడు కారులో ఉంది."

"నాకు కళ్ళజోడే లేదు, నాకూ కనిపించట్లేదు" అన్నాడు చిన్న బావ. "ఈ మట్టి పలకలే కారణం. నా లెక్కలో ఇవి లేవు."

"నీ లెక్కలో ఏమున్నాయి గనక? జానెడు చూరు పెట్టి పడమటి ఎండ ఆపుదామనుకున్నావు. నేను ఆదుకున్నాను."

"నా చూరు జానెడా? టేపు తెప్పించండి. మీరు పెట్టిన కిటికీ ఏమన్నా కిటికీయా, కోట గుమ్మంలా ఉంది. నేను తెర కట్టకపోతే లోపల పిల్లలు పెనం మీద రొట్టెల్లా కాలేవాళ్ళు."

"తీసేయమను ఆ తెర. చాపలు ఆరేసుకున్నట్టుంది."

"ముందు మీ పలకలు తీయించండి. ఇటుకల బట్టీలో కూర్చున్నట్టుంది."

"నాది తీసే ప్రసక్తే లేదు."

"నాదీ అంతే."

అలా ముప్పావు గంట. మధ్యలో మెట్ల ప్రస్తావన రెండుసార్లు వచ్చింది. మేస్త్రీ వచ్చి గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోయాడు. మరదలు మేడం పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆమెకి గొంతు దాకా వచ్చిన మాటలు చాలానే ఉన్నాయి, వాటిలో అక్కలకి తెలిస్తే బాగుండనివి కొన్ని. రేపు ఈ గది ఓడిపోతే మెడకి తడిగుడ్డలు చుట్టుకునే ఆ పిల్లలు ఎక్కడికి పోతారని అడగాలనుకుంది. అడిగితే ఇద్దరూ అవతలివాడివైపు వేలు చూపిస్తారు. అందుకని పని పంచుకున్నప్పుడు రాసుకున్న ఒప్పందం బ్యాగులోంచి బయటికి తీసింది.

దాంట్లో ఇద్దరూ నోరెత్తకుండా సంతకం పెట్టిన షరతు ఒకే ఒక్కటి ఉంది: డ్రాయింగులో లేనిది ఒకరు సైటులో పెట్టినప్పుడు, రెండోవాళ్ళు అభ్యంతరం చెబితే తీసేయాలి. అవతలివాడి దూకుడుకి ఇదే కళ్ళెం అనుకుని ఇద్దరూ పట్టుబట్టి మరీ రాయించుకున్నది.

"పెద్ద బావా, తెరకి మీ అభ్యంతరం ఉందా?"

"ముమ్మాటికీ ఉంది."

"చిన్న బావా, పలకలకి?"

"లేకేం!"

"మేస్త్రీ గారూ," అని గట్టిగా పిలిచింది. "పెద్ద సారు చెప్పినట్టు తెర దించేయండి. చిన్న సారు చెప్పినట్టు పలకలు ఊడదీయండి."

"నేను నాది తీయమనలేదు!" అన్నారిద్దరూ.

"మీది మీరు తీయమనలేదు. ఆయనన్నారు. ఆయనది ఆయన తీయమనలేదు. మీరన్నారు. ఇద్దరి మాటా నెగ్గింది. ఇంక బయటికి నడవండి, దుమ్ము లేస్తుంది."

నిలబడి చూడటానికి ఇద్దరికీ ఒకే నీడ ఉంది, సిమెంటు గది పక్కన. ఒకరు ఆ చివర, ఒకరు ఈ చివర నిలబడ్డారు. తెర దిగడానికి పది నిమిషాలు పట్టింది. పలకలు మాత్రం గట్టిగా పెట్టారు, సాయంత్రం దాకా సుత్తి మోగింది. చిన్న బావ వెళ్తూ వెళ్తూ, "పని మాత్రం పకడ్బందీగా చేయించారు, ఊడనంటోంది" అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా. పెద్ద బావ విన్నాడు. జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం ఆయన విషయంలో పెద్ద మర్యాదే.

శుక్రవారం అధ్యక్షురాలు పన్నెండింటికి వచ్చింది. వెనకాల కోశాధికారి, చంకలో సంచీ. ఆవిడ కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి చిన్న అక్షరాల పుస్తకం తీసి, చదవడం మొదలుపెట్టింది. మరదలు మేడం మీటరు బల్ల చివర పెట్టింది. మూడొందల నలభై. కోశాధికారి రెండుసార్లు దగ్గాడు. ఆవిడ తలెత్తలేదు. తోడల్లుళ్ళిద్దరూ బయట చెరో కారులో కూర్చుని ఉన్నారు, ఏసీలు వేసుకుని.

నాలుగు దాటాక పడమటి ఎండ ఒక చీలికలా లోపలికి దిగి సరిగ్గా ఆవిడ పేజీ మీద పడింది. మరదలు మేడం కిటికీ వైపు చూసింది. నీడ సరిపోలేదేమో, ఏదో ఒకటి ఉంచాల్సిందేమో అనుకుంది. కోశాధికారి మొహం వెలిగింది. "చూశారా మేడం, మా గాజు డిజైన్లో అయితే..." అంటూ సంచీ జిప్పు లాగాడు.

అధ్యక్షురాలు లేచి, కుర్చీ రెండడుగులు పక్కకి జరుపుకుని, మళ్ళీ కూర్చుని పేజీ తిప్పింది. "ఎండొస్తే జరగాలి. మనుషులకి కాళ్ళున్నాయి" అంది. చదువుతున్న అధ్యాయం అయ్యేదాకా లేవలేదు. లేచి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగింది.

పునాదులు మరుసటి నెలలో తవ్వారు. మొత్తం భవనం ఒకే కాగితం మీద ఇంకా రాలేదు. చదువుకునే హాలు గోడలు ఇప్పుడు కిటికీ ఎత్తు దాకా లేచాయి. అయితే పోరు నడుస్తున్నది కిటికీల గురించి కాదు. వాన నీళ్ళు పట్టాలని ఒప్పందంలో ఉంది. నీళ్ళు పడేది పైకప్పు మీద, అది చిన్న బావది. నీళ్ళు చేరేది నేలలో కట్టే తొట్టిలోకి, అది పెద్ద బావది. మధ్యలో ఒక గొట్టం దిగాలి. నీళ్ళు నావి కావని ఒకరు, తొట్టి నాది కాదని ఇంకొకరు, గొట్టం సంగతి ఆయన్నడుగు అని ఇద్దరూ అంటున్నారు. మరదలు మేడం మొన్న టేపు పట్టుకుని తనే కొలిచింది. ఆ గొట్టం పొడవు నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.